లేజర్ లెక్కలన్నీ ఒకే సంఖ్య చుట్టూ

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి వస్తుంది. అంతరిక్ష శాఖ కింద పనిచేసే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడే ఉంది. ఆకాశాన్ని పరిశీలించే సాధనాలు ఆ ఆవరణలో చాలానే ఉన్నా, మనకిప్పుడు కావలసినవి రెండు. ఒకటి ఎంఎస్‌టీ (మీసోస్ఫియర్–స్ట్రాటోస్ఫియర్–ట్రోపోస్ఫియర్) రాడార్, అంటే వాతావరణంలోని ఆ మూడు పొరలనూ పరిశీలించేది. 1,024 యాగీ యాంటెనాలు ఒక మైదానమంతా పరుచుకుని 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను నిట్టనిలువుగా పైకి పంపుతాయి. రెండోది 1998లో జపాన్ సహకారంతో ఏర్పాటైన లైడార్. ఇది 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ కిరణాన్ని పైకి పంపి, గాలిలోని అణువుల మీద, ధూళి మీద, పలచని మేఘాల మీద పడి చెదిరి వెనక్కి వచ్చిన కాంతిని టెలిస్కోపుతో పట్టుకుంటుంది.

రెండూ చేసే పని ఒకలాంటిదే. విద్యుదయస్కాంత తరంగాన్ని పంపడం, తిరిగొచ్చిన కొద్దిపాటి భాగాన్ని కొలవడం. కానీ లైడార్‌లో వెనక్కి వచ్చిన కాంతిని ఒక్కో ఫోటాన్ (కాంతి శక్తి తునక) చొప్పున లెక్కపెడతారు. రాడార్‌లో అలా లెక్కపెట్టడం కుదరదు. ఎందుకు కుదరదో చెప్పే లెక్క డిగ్రీ ఫిజిక్స్‌లో లేజర్ పాఠం మొదటి పేజీల్లోనే ఉంది. మన పిల్లలు ఆ లెక్క చేస్తారు, జవాబు కింద గీత గీస్తారు, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

లేజర్ పాఠంలో మామూలుగా మూడు రకాల లెక్కలు అడుగుతారు. తరంగదైర్ఘ్యం ఇచ్చి ఫోటాన్ శక్తి కనుక్కోమంటారు. ఉష్ణోగ్రత ఇచ్చి పై శక్తి స్థాయిలో, కింది స్థాయిలో ఉన్న పరమాణువుల నిష్పత్తి అడుగుతారు. పరమాణువు కాంతిని వదిలే రెండు తీరులైన ప్రేరిత ఉద్గారానికీ స్వచ్ఛంద ఉద్గారానికీ (వీటి సంగతి తర్వాత చూద్దాం) నిష్పత్తి ఎంతో చెప్పమంటారు. మూడింటికీ మూడు సూత్రాలు, మూడు చోట్ల మార్కులు. పరీక్ష ముందు రోజు ఏ సూత్రంలో ఘాతం ముందు మైనస్ ఉందో, ఏ సూత్రంలో ఒకటి తీసేయాలో అన్న టెన్షన్. నిజానికి ఈ మూడూ ఒకే లెక్క. ఫోటాన్ శక్తిని ఆ చోట ఉన్న ఉష్ణశక్తితో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. ఆ ఒక్క సంఖ్య తెలిస్తే మిగతా రెండు జవాబులూ అందులోంచే వస్తాయి. లేజర్ కట్టడం ఎందుకంత కష్టమైందో కూడా అదే చెబుతుంది.

ముందు ఫోటాన్ శక్తి. ప్లాంక్ స్థిరాంకాన్ని (6.626 × 10⁻³⁴ జౌల్ సెకను) పౌనఃపున్యంతో గుణించాలి. తరంగదైర్ఘ్యం ఇస్తే, కాంతి వేగాన్ని దానితో భాగించి పౌనఃపున్యం తెచ్చుకోవాలి. ఇందులో తప్పులు దాదాపు అన్నీ నానోమీటర్లను మీటర్లలోకి మార్చడం దగ్గరే జరుగుతాయి. అందుకే ఒక దగ్గరి దారి గుర్తుపెట్టుకోవడం మంచిది. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ శక్తి నేరుగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో (పరమాణువుల స్థాయి శక్తిని కొలిచే చిన్న ప్రమాణం) వస్తుంది. ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం, ఎలక్ట్రాన్ ఆవేశం మూడూ కలిసి ఆ 1240లో ఉన్నాయి. జౌళ్లు కావాలంటే చివర్లో 1.602 × 10⁻¹⁹తో గుణిస్తే సరి.

కాలేజీ ల్యాబుల్లో కనిపించే హీలియం–నియాన్ లేజర్ ఇచ్చే ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. దాని ఫోటాన్ శక్తి 1.96 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 3.14 × 10⁻¹⁹ జౌళ్లు. గాదంకి లైడార్‌లోని ఆకుపచ్చ కాంతికి 2.33 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ ఆకుపచ్చ కాంతి పుట్టే తీరు కూడా శక్తి లెక్కకు మంచి ఉదాహరణ. నియోడిమియం కలిపిన యాగ్ స్ఫటికం నుంచి నిజానికి వచ్చేది కంటికి కనిపించని 1064 నానోమీటర్ల పరారుణ కాంతి. ఆ ఫోటాన్ శక్తి 1.165 ఎలక్ట్రాన్ వోల్టులు. మరో ప్రత్యేక స్ఫటికంలో అలాంటి రెండు ఫోటాన్లు కలిసి ఒకటవుతాయి. 1.165కి రెట్టింపు 2.33. తరంగదైర్ఘ్యం సగమై 532కి వస్తుంది. సెమినార్లలో వాడే చాలా ఆకుపచ్చ పాయింటర్లలోనూ జరిగేది ఇదే. నాసిరకం పాయింటర్లలో పరారుణాన్ని ఆపే ఫిల్టర్ ఉండదు. కంటికి కనిపించని కాంతి కూడా ఆకుపచ్చతో పాటు బయటికి వచ్చేస్తుంది. కనిపించదు కాబట్టి రెప్ప మూసుకోదు. అందుకే అది మరింత ప్రమాదం.

ఇప్పుడు 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఫోటాన్. అదే సూత్రం వేస్తే 3.5 × 10⁻²⁶ జౌళ్లు, అంటే 0.00000022 ఎలక్ట్రాన్ వోల్టు. ఆకుపచ్చ ఫోటాన్ దీనికి దాదాపు కోటి రెట్లు పెద్దది. ఒకే ఆవరణలో ఉన్న రెండు సాధనాల మధ్య ఈ కోటి రెట్ల తేడాను గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

ఒక్క ఫోటాన్ శక్తి తెలిస్తే సెకనుకు ఎన్ని ఫోటాన్లు వస్తాయో చెప్పడం తేలిక. 1 మిల్లీవాట్ హీలియం–నియాన్ లేజర్ సెకనుకు 0.001 జౌల్ ఇస్తుంది. దాన్ని 3.14 × 10⁻¹⁹తో భాగిస్తే 3.2 × 10¹⁵. మన లెక్కలో 32 కోట్ల కోట్లు.

పల్స్ లేజర్‌లో మరో మెలిక ఉంటుంది. గాదంకి లైడార్‌ను మొదట పెట్టినప్పుడు దాని లేజర్ ఒక్కో పల్స్‌లో 550 మిల్లీజౌళ్లు ఇచ్చేది, సెకనుకు 20 పల్సులు, ఒక్కో పల్స్ నిడివి 7 నానోసెకన్లు. సగటు పవర్ కోసం 0.55ని 20తో గుణిస్తే 11 వాట్లు. ఇంట్లో ఎల్ఈడీ బల్బు అంత. అదే 0.55 జౌల్‌ను 7 నానోసెకన్లతో భాగిస్తే, పల్స్ నడుస్తున్న ఆ కాస్త సేపు పవర్ 7 కోట్ల 86 లక్షల వాట్లు. రెండు జవాబులూ నిజమే. ప్రశ్నలో సగటు పవర్ అడిగారా, గరిష్ఠ పవర్ అడిగారా అన్నది చూసుకోకపోతే జవాబు 70 లక్షల రెట్లు తప్పుతుంది. ఒక పల్స్‌లో ఫోటాన్లు 1.5 × 10¹⁸. కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లు వెళ్తుంది కాబట్టి ఆ పల్స్ పొడవు 2.1 మీటర్లు. రెండు మీటర్ల పొడవున్న ఆకుపచ్చ కాంతి ముక్క పైకి వెళ్తుంది. 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి చెదిరిన కాంతి 0.2 మిల్లీసెకన్లలో తిరిగొస్తుంది. ఎంత సేపటికి వచ్చిందన్నదే ఏ ఎత్తు నుంచి వచ్చిందో చెబుతుంది.

గది వేడి ఎంత?

ఉష్ణశక్తి అంటే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకాన్ని కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణిస్తే వచ్చేది. 300 కెల్విన్ దగ్గర, అంటే 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అది 0.02585 ఎలక్ట్రాన్ వోల్టు. సుమారు నలభైవ వంతు. పరమాణువులు ఒకదానికొకటి తగులుకుంటూ ఇచ్చిపుచ్చుకునే శక్తి ఈ స్థాయిలో ఉంటుంది.

ఎరుపు ఫోటాన్‌ను దీనితో భాగిద్దాం. 1.959 ÷ 0.02585 = 75.8. నేను చెప్పిన సంఖ్య ఇదే. దీన్ని శక్తి–వేడి నిష్పత్తి అని పిలుచుకుందాం. ఒక ఎరుపు ఫోటాన్ పుట్టాలంటే పరమాణువు పై స్థాయికి చేరి ఉండాలి. దానికి కావలసిన శక్తి గదిలో మామూలుగా దొరికే శక్తికి 76 రెట్లు.

బోల్ట్‌జ్‌మన్ సూత్రం ప్రకారం, పై స్థాయిలో ఉన్న పరమాణువుల సంఖ్యను కింది స్థాయిలో ఉన్నవాటితో భాగిస్తే, 2.718ని మైనస్ 75.8 ఘాతానికి ఎత్తినంత వస్తుంది. అది 1.2 × 10⁻³³. ఈ సంఖ్యను చూసి 'చాలా తక్కువ' అని రాసి ఊరుకుంటే దాని అర్థం పట్టుకోనట్టే. ఒక మోల్ వాయువులో 6 × 10²³ పరమాణువులు ఉంటాయి. ఈ లెక్కన దాదాపు 140 కోట్ల మోల్స్ వాయువును ఒకచోట చేర్చి వెతికితే, పై స్థాయిలో సగటున ఒకే ఒక్క పరమాణువు దొరుకుతుంది. గది వేడికి ఏ వస్తువూ తనంతట తాను ఎర్రగా వెలగకపోవడానికి కారణం ఇదే.

రోహిణి కార్తెలో తిరుపతి ఎండ 42 డిగ్రీలకు చేరితే? అంటే 315 కెల్విన్. నిష్పత్తి 75.8 నుంచి 72.2కి తగ్గుతుంది. పై స్థాయి జనాభా 37 రెట్లు పెరుగుతుంది. పదిహేను డిగ్రీలకే 37 రెట్లు! ఘాతంలో ఉన్న సంఖ్య కొంచెం కదిలినా జవాబు ఎంత ఊగిపోతుందో ఇక్కడ తెలుస్తుంది. అయినా 10⁻³³ పోయి 10⁻³² దగ్గరికి వచ్చిందంతే. లేజర్‌కు ఇది దేనికీ చాలదు.

ఐన్‌స్టీన్ వేసిన సమీకరణం

1916–17లో ఐన్‌స్టీన్ కాంతికీ పరమాణువుకీ మధ్య జరిగే పనులు మూడని చెప్పాడు. కింద ఉన్న పరమాణువు ఫోటాన్‌ను మింగి పైకి వెళ్లడం శోషణ. పైన ఉన్నది తనంతట తాను కిందికి దిగి, ఏదో ఒక దిక్కుకు ఫోటాన్‌ను వదలడం స్వచ్ఛంద ఉద్గారం. పైన ఉన్న పరమాణువు పక్కగా సరైన శక్తి గల ఫోటాన్ వెళ్తే, దాని ప్రభావంతో కిందికి దిగి అచ్చం అలాంటి ఫోటాన్‌నే వదలడం ప్రేరిత ఉద్గారం. కొత్త ఫోటాన్‌కు అదే శక్తి, అదే దిక్కు, అదే దశ, అదే ధ్రువణం. ఒకటి వెళ్లి రెండు వస్తాయి.

మూడోది ఉండి తీరాలని ఆయనకు ఎలా తెలిసింది? సమతాస్థితిలో సెకనుకు పైకి వెళ్లే పరమాణువులూ కిందికి దిగేవీ సమానం కావాలి. పైకి వెళ్లే వేగం = కింది జనాభా × శోషణ గుణకం × కాంతి సాంద్రత. కిందికి దిగే వేగంలో రెండు భాగాలు: పై జనాభా × స్వచ్ఛంద గుణకం, దానికి తోడు పై జనాభా × ప్రేరిత గుణకం × కాంతి సాంద్రత. రెండో భాగాన్ని వదిలేసి లెక్క చేస్తే, వేడి వస్తువు వెలుగు ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత ఉంటుందో చెప్పే పాత సూత్రం, వీన్ నియమం, వస్తుంది. అది ఎక్కువ తరంగదైర్ఘ్యాల దగ్గర ప్రయోగాలతో సరిపోదు. ప్రేరిత భాగాన్ని చేరిస్తే ప్రయోగాలతో సరిపోయే ప్లాంక్ నియమం సరిగ్గా వచ్చేస్తుంది. కొలిమిలోని వెలుగును సరిగా లెక్కకట్టాలంటేనే ప్రేరిత ఉద్గారం అవసరమైంది. లేజర్ అప్పటికి ఎవరి ఊహలోనూ లేదు.

శోషణ గుణకం, ప్రేరిత గుణకం సమానమనుకుందాం. రెండు స్థాయిలకూ ఒకే సంఖ్యలో క్వాంటం స్థితులుంటే అది నిజం. అప్పుడు పై సమీకరణాన్ని అటూ ఇటూ సర్దితే ఒక అందమైన ఫలితం వస్తుంది. స్వచ్ఛంద ఉద్గారాన్ని ప్రేరిత ఉద్గారంతో భాగిస్తే, కింది జనాభాను పై జనాభాతో భాగించి ఒకటి తీసేసినంత. చూడండి, ఉద్గారాల నిష్పత్తి అచ్చంగా జనాభా నిష్పత్తి నుంచే వచ్చింది. ప్లాంక్ సూత్రాన్ని కూడా తలవాల్సిన పని లేదు. రెండో లెక్క చేసినవాళ్లకు మూడో లెక్క జవాబు అప్పటికే చేతిలో ఉంది.

అందుకే ఎరుపు కాంతికి 300 కెల్విన్ దగ్గర ప్రేరిత–స్వచ్ఛంద నిష్పత్తి కూడా 1.2 × 10⁻³³. 8.2 × 10³²లోంచి ఒకటి తీసినా, తీయకపోయినా తేడా ఏముంటుంది? పుస్తకాలు ఈ నిష్పత్తిని ఒక్కోటి ఒక్కో వైపు నుంచి రాస్తాయి. కొన్ని స్వచ్ఛందాన్ని పైన పెడతాయి, కొన్ని ప్రేరితాన్ని. ప్రశ్న చదివేటప్పుడు దేన్ని దేనితో భాగించమన్నారో ముందు చూసుకోవాలి. ఇక్కడ తలకిందులైతే జవాబు 10⁶⁶ రెట్లు మారిపోతుంది.

సూర్యుడి ఉపరితలం దగ్గర చేద్దాం. 5,800 కెల్విన్, ఉష్ణశక్తి 0.5 ఎలక్ట్రాన్ వోల్టు, నిష్పత్తి 3.92. ఈసారి ఒకటి తీయడం మరచిపోకూడదు. 2.718ని 3.92 ఘాతానికి ఎత్తితే సుమారు 50, ఒకటి తీస్తే 49. సూర్యుడి ఉపరితలం మీద కూడా 49 స్వచ్ఛంద ఉద్గారాలకు ఒక్క ప్రేరిత ఉద్గారం. రెండూ సమానం కావాలంటే ఎంత వేడి కావాలి? జనాభా నిష్పత్తి రెండుకు ఒకటి కావాలి, అంటే శక్తి–వేడి నిష్పత్తి 0.693 కావాలి. ఎరుపు కాంతికి ఆ ఉష్ణోగ్రత సుమారు 32,800 కెల్విన్.

ఇక గాదంకి రాడార్ పౌనఃపున్యానికి రండి. 53 మెగాహెర్ట్జ్ ఫోటాన్‌ను గది ఉష్ణశక్తితో భాగిస్తే 0.0000085. పైన 76 వచ్చిన చోట ఇక్కడ దాదాపు సున్నా. పై, కింది స్థాయిల జనాభా ఇంచుమించు సమానం. ప్రేరిత–స్వచ్ఛంద నిష్పత్తి లక్షా 18 వేలు. ఎరుపు కాంతి దగ్గర ఊహకే అందనంత అరుదైన ప్రేరిత ఉద్గారం, రేడియో తరంగాల దగ్గర గది వేడికే స్వచ్ఛంద ఉద్గారాన్ని లక్ష రెట్లు మించిపోయింది. సూత్రం మారలేదు, ఫోటాన్ పరిమాణం మారింది. (ఒక జాగ్రత్త: రాడార్ ట్రాన్స్‌మిటర్ లేజర్ లాంటిది కాదు. అక్కడ తరంగాన్ని పుట్టించేది ఎలక్ట్రానిక్ సర్క్యూట్. నేను ఇక్కడ చెబుతున్నది ఆ పౌనఃపున్యం దగ్గర పదార్థం ప్రవర్తించే తీరు గురించి.)

చరిత్ర కూడా ఈ దారినే నడిచింది. 1954లో చార్లెస్ టౌన్స్ బృందం నడిపిన అమోనియా మేజర్ (కాంతికి బదులు మైక్రోవేవ్‌లతో పనిచేసే లేజర్ లాంటిది) 24 గిగాహెర్ట్జ్‌కు కాస్త తక్కువలో పనిచేసింది. అక్కడ గది వేడికి ప్రేరిత–స్వచ్ఛంద నిష్పత్తి సుమారు 260. కనిపించే కాంతితో అదే పని చేయడానికి మరో ఆరేళ్లు పట్టింది. 1960 మే 16న థియోడర్ మైమన్ రూబీ స్ఫటికం నుంచి 694.3 నానోమీటర్ల ఎర్రని కాంతిని రాబట్టాడు.

ఆ నిష్పత్తి అసలు అర్థం

ఇక్కడ కాస్త నిలబడాలి. పాఠ్యపుస్తకాలు తొందరగా దాటేసే చోటు ఇదే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే. ఢాకాలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ 1924లో కాంతిని ఫోటాన్ల వాయువుగా తీసుకుని, వాటిని లెక్కించే కొత్త పద్ధతితో ప్లాంక్ నియమాన్ని రాబట్టాడు. ఆ పద్ధతిలో చూస్తే, మనం ప్రేరిత–స్వచ్ఛంద నిష్పత్తి అని లెక్కకట్టిన సంఖ్య ఒక మోడ్‌లో ఉన్న ఫోటాన్ల సగటు సంఖ్య. మోడ్ అంటే ఒకే దిక్కు, ఒకే పౌనఃపున్యం, ఒకే ధ్రువణం గల కాంతి కంపన రీతి. ఒక మోడ్‌లో ఇప్పటికే ఎన్ని ఫోటాన్లు ఉంటే, ఆ మోడ్‌లోకి ప్రేరిత ఉద్గారం స్వచ్ఛంద ఉద్గారానికి అన్ని రెట్లు.

గాదంకి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. గది వేడి దగ్గర 532 నానోమీటర్ల మోడ్ ఒక్కోదానిలో పరిసరాల వేడి నుంచి వచ్చే ఫోటాన్లు 10⁻³⁹ స్థాయిలో ఉంటాయి. అంటే లేనట్టే. రాత్రి చీకట్లో లైడార్ టెలిస్కోపుకు ఆకుపచ్చ ఫోటాన్ ఒక్కటి తగిలినా అది గది వేడి నుంచి వచ్చింది కాదని ధైర్యంగా చెప్పొచ్చు. అందుకే ఒక్కో ఫోటాన్‌నూ లెక్కపెట్టగలరు. 53 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో మోడ్‌లో గది వేడికే లక్షకు పైగా ఫోటాన్లు ఎప్పుడూ ఉంటాయి. ఆకాశం వైపు యాంటెనా తిప్పితే పాలపుంత నుంచి వచ్చే రేడియో రొద దానికన్నా ఎక్కువ. ఆ గుంపులో మరో ఫోటాన్ వచ్చి చేరిందని గుర్తుపట్టడం అయ్యే పని కాదు.

లేజర్‌లో కాంతిని అటూ ఇటూ తిప్పేందుకు రెండు చివరలా అద్దాలు ఉంటాయి. అవి చేసే పని కూడా ఇప్పుడు స్పష్టమవుతుంది. 30 సెంటీమీటర్ల పొడవున్న హీలియం–నియాన్ గొట్టం తీసుకోండి. ఒక అద్దం కాంతినంతా వెనక్కి పంపుతుందనీ, రెండోది 1 శాతం బయటికి వదులుతుందనీ అనుకుందాం. బయటికి 1 మిల్లీవాట్ వస్తుంటే లోపల తిరుగుతున్నది 100 మిల్లీవాట్లు. ఒక చుట్టు, అంటే 60 సెంటీమీటర్లు, తిరగడానికి 2 నానోసెకన్లు. లోపల నిల్వ ఉన్న శక్తి 2 × 10⁻¹⁰ జౌళ్లు. ఎరుపు ఫోటాన్ శక్తితో భాగిస్తే 64 కోట్ల ఫోటాన్లు. ఈ పొడవు గొట్టంలో సుమారు మూడు మోడ్‌లు కలిసి వెలుగుతాయి కాబట్టి ఒక్కోదానిలో ఇరవై కోట్లకు పైగా.

సమతాస్థితిలో 10⁻³³గా ఉన్న నిష్పత్తి ఇరవై కోట్లయింది. వేడితో అంత ఫోటాన్ల సాంద్రత తేవాలంటే ఉష్ణోగ్రత సుమారు నాలుగున్నర లక్షల కోట్ల కెల్విన్ ఉండాలి. అదే గొట్టాన్ని మనం చేత్తో పట్టుకోగలం. మిల్లీవాట్ లేజర్‌ను సూటిగా చూడకూడదని ఎందుకంటారో కూడా ఈ లెక్కే చెబుతుంది. సూర్యుడి ఎరుపు కాంతిలో మోడ్‌కు 1/49 ఫోటాన్ ఉంటే, ఈ చిన్న గొట్టంలో కోట్లున్నాయి. కంటి కటకం ఆ కాంతినంతా రెటీనా మీద ఒకే చుక్కలోకి కుదించగలదు.

వేడి చేస్తే కాదు

అద్దాలు ఫోటాన్లను నిలిపి ఉంచుతాయి. కానీ ముందు అవి పెరగాలి కదా? శోషణ, ప్రేరిత ఉద్గారం రెండింటికీ గుణకం ఒకటే కాబట్టి, కింద పరమాణువులు ఎక్కువుంటే కాంతి తగ్గుతుంది, పైన ఎక్కువుంటే పెరుగుతుంది. ఉష్ణోగ్రత ఎంత పెంచినా బోల్ట్‌జ్‌మన్ నిష్పత్తి ఒకటికి దగ్గరవుతుంది తప్ప దాటదు. కాబట్టి కొలిమి ఎంత మండినా లేజర్ కాదు. రెండే స్థాయిలుంటే కాంతితో పంప్ చేసినా, అంటే బయటి కాంతితో పరమాణువులను పైకి ఎక్కించినా, అంతే. సగం సగం అయ్యాక పైకి వెళ్లేవీ దిగేవీ సమానమైపోతాయి. మూడో స్థాయి, నాలుగో స్థాయి అవసరం ఇక్కడ పుట్టింది.

రూబీలో లేజర్ దిగే కింది స్థాయి భూస్థాయే, అంటే అన్నిటికన్నా తక్కువ శక్తి గల స్థాయి. గది వేడికి క్రోమియం అయాన్లన్నీ అక్కడే ఉంటాయి. వాటిలో సగానికి పైగా పైకి తెస్తేనే పాపులేషన్ ఇన్వర్షన్ (కిందికన్నా పైన ఎక్కువుండటం) వస్తుంది. మైమన్ బలమైన ఫ్లాష్ ల్యాంప్ వాడింది అందుకే. నియోడిమియం యాగ్‌లో 1064 నానోమీటర్ల కాంతి ముగిసే కింది స్థాయి భూస్థాయికి సుమారు 0.26 ఎలక్ట్రాన్ వోల్టు ఎత్తున ఉంటుంది. మళ్లీ మన సంఖ్యే: 0.26 ÷ 0.02585 అంటే సుమారు 10. గది వేడికి ఆ స్థాయిలో ఉండేది ఇరవై వేల పైచిలుకు అయాన్లలో ఒకటి. దాదాపు ఖాళీ. పైన కొన్ని అయాన్లు చేరగానే ఇన్వర్షన్ వచ్చేస్తుంది. నాలుగు స్థాయిల పద్ధతి గొప్పతనమంతా ఈ పది అనే సంఖ్యలో ఉంది.

హీలియం–నియాన్ కథ ఇంకా బాగుంటుంది. పైన 632.8 నానోమీటర్ల లెక్కలో కింది స్థాయిని భూస్థాయిలా తీసుకున్నాం. పరీక్ష లెక్కల్లో అలాగే చేస్తారు. నిజమైన నియాన్ పరమాణువులో లేజర్ పై స్థాయి భూస్థాయికి 20.66 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తున ఉంది. నేరుగా అక్కడికి చేర్చడం కష్టం. హీలియంకు 20.61 దగ్గర ఒక స్థాయి ఉంది, అక్కడికి చేరిన పరమాణువు కాంతిని వదిలి దిగలేక చాలాసేపు ఉండిపోతుంది. గొట్టంలోని వాయువు గుండా కరెంటు పంపినప్పుడు ఎలక్ట్రాన్లు హీలియంను అక్కడికి తెస్తాయి. అది నియాన్‌ను ఢీకొని తన శక్తి ఇచ్చేస్తుంది. ఇంకా 0.05 ఎలక్ట్రాన్ వోల్టు తక్కువ పడుతుంది. దాన్ని ఉష్ణశక్తితో భాగించండి: సుమారు రెండు. పరమాణువుల మామూలు కదలికలోంచే అది దొరుకుతుంది. ఎరుపు ఫోటాన్ దగ్గర 76 అయి కూర్చున్న అడ్డు ఇక్కడ రెండే అయింది కాబట్టి వేడి ఆ లోటును తీర్చేస్తుంది. ఒక్కో పరమాణువుకు 20.66 పెట్టి 1.96 వెనక్కి తెచ్చుకుంటున్నాం కాబట్టి దక్షత అన్నీ కలిసొచ్చినా పదో వంతు దాటదు.

చివరిగా ఒక లెక్క, లేజర్ మొదలవడానికి ఎంత పెరుగుదల చాలు అన్నది. ఒక చుట్టులో కాంతి ఎంత పోతుందో అంత పెరిగితే చాలు. పైన చెప్పిన హీలియం–నియాన్ గొట్టంలో చుట్టుకు 1 శాతం పోతుంది. 60 సెంటీమీటర్ల ప్రయాణంలో 1 శాతం పెరగాలంటే మీటరుకు 1.7 శాతం చాలు. ఇంత తక్కువతో నడుస్తుంది కాబట్టే అద్దాల మీద కాస్త దుమ్ము పడి నష్టం పెరిగితే లేజర్ ఆగిపోవచ్చు. మన ల్యాబుల్లో ఇప్పుడు గ్రేటింగ్ ప్రయోగానికి ఎక్కువగా వాడే సెమీకండక్టర్ డయోడ్ లేజర్‌లో చాలాసార్లు విడిగా అద్దాలే ఉండవు. స్ఫటికం విరిచిన అంచులే అద్దాలు. వక్రీభవన గుణకం 3.5 అయితే ఆ అంచు వెనక్కి పంపేది 31 శాతమే. పొడవు 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే, రెండు అంచుల దగ్గరా పోయేదాన్ని పూడ్చుకోవడానికి కావలసిన పెరుగుదల గుణకం మీటరుకు దాదాపు 3,900 వస్తుంది. హీలియం–నియాన్‌లో అదే గుణకం 0.017. రెండు లక్షల రెట్లకు పైగా తేడా. పలచని వాయువులో లేజర్‌కు పనికొచ్చే పరమాణువులు దూరదూరంగా ఉంటాయి. ఘనస్ఫటికంలోకి కరెంటు పంపితే ఎలక్ట్రాన్లూ రంధ్రాలూ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) ఒకే సన్నని పొరలో కిక్కిరిసి ఉంటాయి. అందుకే ఇసుక రేణువంత స్ఫటికం, అద్దాలు లేకుండానే, ఆ 3,900ని అందుకోగలుగుతోంది.